పదిహేను రోజుల ఆరాం

షేర్వానీలు తగ్గి కోట్లూ పాంట్లూ పెరుగుతున్న రోజుల్లో, ఆబిడ్స్‌లో ఒక దర్జీ దుకాణంలో నేను కటింగ్ మాస్టర్‌ని. పొద్దస్తమానం మందపాటి ఉన్ని గుడ్డ కోసీ కోసీ కుడి మోచేతి బయటివైపు నొప్పి పట్టుకుంది. చాయ్ కప్పు ఎత్తినా జివ్వుమని లాగేది. ఆరు నెలలైనా తగ్గలేదు.

ఎవరికీ చెప్పలేదు. మా దుకాణంలో కత్తెర పట్టినవాడే మాస్టర్, మిగతావాళ్లంతా మిషన్ తొక్కేవాళ్లే. కత్తెర చేయి జారితే కటింగ్ బల్ల పోయినట్టే. నా పక్కన మిషన్ తొక్కేవాడు, నాకన్నా రెండేళ్లు చిన్న, ఎట్లాగో కనిపెట్టాడు.

"అన్నా, చెయ్యి నొస్తుందా ఏంది? జర సేపు నేను కోస్త, గిటు ఇయ్యి."

"నీ మిషన్ నువ్వు తొక్కు," అన్నాను. ఊరికే ఎవడైనా పని మీదేసుకుంటాడా? నా బల్ల మీద కన్నేశాడని తేల్చుకున్నాను.

ముందు నాంపల్లిలో బెణుకులకు కట్లు కట్టే ఒక పహిల్వాన్ దగ్గరికి పోయాను. చెయ్యి మెలిపెట్టి, కోడిగుడ్డు సొన పూసి పట్టీ కట్టాడు. పట్టీ ఉన్నన్నాళ్లు హాయిగానే ఉంది, విప్పగానే నొప్పి మొదటికొచ్చింది. మళ్లీ రావాలనే అట్లా కట్టాడనుకున్నాను. బషీర్‌బాగ్ డాక్టర్ కాపడం పెట్టుకోమని మాత్రలిచ్చాడు. మాత్ర మధ్యాహ్నం దాకా పనిచేసేది, ఆ తర్వాత కడుపులో మంట. అందులో ఏం కలిపాడో ఎవరికి తెలుసు! చివరికి నాంపల్లి స్టేషన్ దగ్గర ఒక హకీం నూనె సీసా ఇచ్చాడు. ఆ కంపుకి మా ఇంటావిడ చాప తీసుకుని వేరే గదిలోకి పోయింది. రాసినప్పుడు వెచ్చగా బాగుండేది, తెల్లారితే షరా మామూలే.

కాకపోతే హకీం గడువు చెప్పాడు. "పంద్రా రోజులు ఆరాం," అన్నాడు. జబ్బు నయమైతే మేం ఆరాం అయిందనే అంటాం. ఇక ఫికర్ లేదనుకుని రెట్టింపు పని పెట్టుకున్నాను. పదహారో రోజు కత్తెర లేవలేదు. మండిపోయి హకీం మీదికి పోయాను.

"ఏంది హకీం సాబ్, పదిహేను రోజులల్ల ఆరాం అయితదంటిరి!"

"అయితదని ఎవరు చెప్పిన్రు? ఆరాం చెయ్యమన్న! కత్తెర పక్కకు పెట్టినవా?"

పహిల్వానూ డాక్టరూ కూడా చేతికి విశ్రాంతి ఇమ్మనే అన్నారని అప్పుడు గుర్తొచ్చింది. ముగ్గురూ కూడబలుక్కున్నారేమోనని ఒక్క క్షణం అనిపించింది కూడా.

గత్యంతరం లేక కత్తెరని ఆ పక్క మిషన్ వాడికే అప్పగించాను. పదిహేను రోజులు ఇంట్లో కూర్చున్నానే గానీ మనసు నిలవలేదు. రోజూ సాయంత్రం దుకాణం ఎదుట రోడ్డు అవతల నిలబడి, నా బల్ల దగ్గర వాడెట్లా మసలుతున్నాడో దొంగచాటుగా చూసేవాణ్ణి.

పదహారో రోజుకి నొప్పి సగానికి పైగా తగ్గింది. దుకాణంలో అడుగుపెట్టగానే వాడు బల్ల వదిలి లేచి కత్తెర నా ముందు పెట్టాడు. వేళ్లు పట్టే చోట మెత్తటి పాత గుడ్డ చుట్టి, నీటుగా కుట్టి ఉంది.

"ఇగ ఒత్తుకోదన్నా," అన్నాడు.

నేనప్పటికే బొటనవేలితో కత్తెర అంచు తడిమి చూస్తున్నాను, మొద్దు చేసి ఇచ్చాడేమోనని. అంచు పదునుగానే ఉంది. తలెత్తేసరికి వాడు నా బొటనవేలినే చూస్తున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. వాడు మాత్రం పోయి తన మిషన్ ముందు కూర్చున్నాడు.