బయాథ్లాన్ ఛాంపియన్ అడిగిన ప్రశ్న

కరోనా ఆంక్షలు ఎత్తేశాక వచ్చిన ఒక ఆగస్టులో, అంటే ఇక్కడి చలికాలంలో, మా విక్టోరియా రాష్ట్రపు కొండల్లోని స్కీ గ్రామానికి నన్ను డ్యూటీ మీద పంపారు. అప్పుడు నేను డోపింగ్ కంట్రోల్ ఆఫీసర్‌ని. క్రీడాకారులు నిషిద్ధ మందులు వాడుతున్నారేమో తేల్చడానికి, ముందు చెప్పకుండా వెళ్లి శాంపిళ్లు తీసుకోవడం నా పని. నా వెంట షాపెరోన్‌గా శిరీష వచ్చింది. వరంగల్ నుంచి చదువుకోవడానికి ఇక్కడికి వచ్చి, నగర శివారైన క్లైడ్ నార్త్‌లో స్థిరపడిన అమ్మాయి. శాంపిల్ ఇచ్చేదాకా క్రీడాకారిణి మీద నుంచి చూపు తిప్పకపోవడం షాపెరోన్ బాధ్యత.

ఆ రోజు పరీక్ష ఇంగున్‌కి. నార్వే బయాథ్లాన్ ఛాంపియన్. తుపాకి వీపున వేసుకుని మంచులో స్కీయింగ్ చేస్తూ, మధ్యలో ఆగి గురి చూసి కాల్చే ఆట అది. వాళ్ల దేశంలో వేసవి కావడంతో మంచు కోసం ఇక్కడికి శిక్షణకు వచ్చింది. చాలా కాలం వెనకబడి ఉండి, ముప్పై దాటాక హఠాత్తుగా మళ్లీ పతకాలు గెలవడం మొదలుపెట్టింది. అలాంటివాళ్ల మీద మా కన్ను ఎక్కువగా ఉంటుంది.

తలుపు తీసి మమ్మల్ని చూడగానే ఆమె ముఖం పాలిపోయింది. బాత్రూంలో అడుగుపెడుతూనే చెత్తబుట్ట మీద తువ్వాలు పడేసింది. గది వెతికే అధికారం మాకు లేదు. నేను సీసాలకు సీలు వేయిస్తుంటే, ఈ శాంపిల్‌లో ఇంకేమేం తెలుస్తాయని అడిగింది. నిషిద్ధ పదార్థాలు మాత్రమే చూస్తారన్నాను. మా టీమ్‌వాళ్లకు ఇంకేదైనా చెబుతారా అని మళ్లీ అడిగింది. ఆ ప్రశ్న అంతకుముందు నేను విన్నది తప్పు చేసినవాళ్ల నోటే.

కారెక్కగానే శిరీష అంది: "ఆంటీ, షీ ఈజ్ హైడింగ్ సంథింగ్. బుట్టల సిరంజి ఉన్నట్టుంది. రిపోర్ట్‌ల రాసేద్దాం."

"సిరంజి చూశావా?"

"లేదు కానీ..."

"చూసినంతే రాద్దాం. మళ్లీ టెస్ట్ పెట్టమని అడుగుదాం."

"ఈలోపు క్లీన్ అయిపోతే?"

ఆ భయం నాకూ ఉంది. కానీ రుజువు లేని మాట బయటికి పొక్కితే ఆమె కెరీర్ అక్కడితో సరి. తువ్వాలు సంగతి, ఆ రెండు ప్రశ్నలు ఉన్నవి ఉన్నట్టు రాశాను. రిపోర్టులో నా అభిప్రాయం చేర్చలేదు.

శాంపిల్‌లో ఏమీ లేదని ల్యాబ్ చెప్పింది. మా అనుమానం తీరలేదు. కొన్ని మందులు ఒంట్లో ఎంతోసేపు నిలవవు. క్యాంప్ ముగిసేలోపు మళ్లీ వెళ్లాం. ఈసారి ఇంగున్ అడక్కుండానే చెప్పింది, తను గర్భవతినని. మేం మొదటిసారి వెళ్లిన ఉదయమే ఆ సంగతి తెలిసిందట. బుట్టలో ఉన్నది ప్రెగ్నెన్సీ కిట్. తెలిస్తే జట్టులో చోటు పోతుందని అప్పటికి కోచ్‌కే కాదు, భర్తకు కూడా చెప్పలేదట.

"కంగ్రాట్స్ చెప్పొచ్చా ఆంటీ?" అని శిరీష నా చెవిలో అడిగింది. ముందు శాంపిల్ కానివ్వమన్నాను. అందులోనూ ఏమీ దొరకలేదు.

ఇంగున్ ఆ ఏడాది చివర్లో వాళ్ల దేశపు చలికాలంలో మొదలైన పోటీలకు దూరంగా ఉండి, బిడ్డ పుట్టాక తిరిగి వచ్చి స్వర్ణం గెలిచింది. ఆ తర్వాత కొత్తవాళ్లకు శిక్షణ ఇచ్చినప్పుడల్లా నేను చెప్పింది ఒక్కటే: అనుమానం వస్తే ఇంకో పరీక్ష పెట్టమని అడగండి. అంతకు మించి ఏం చేయడానికీ అనుమానం ఒక్కటే చాలదు.