ఏమీ చేయదప్పా

హోసూరులో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నేను చాలా ధైర్యవంతుణ్ణని నా నమ్మకం. కాదని ఒక కుక్క చెప్పేదాకా నాకు తెలియదు. సూళగిరి దగ్గర హైవే పక్కన దొరికిన దాన్ని, రాగిసంగటి ముద్ద రంగు చూసి ముద్దప్ప అని పిలుచుకున్నాను. ఇంట్లో బంగారం. తాడు కట్టి వీధిలోకి దిగితే మాత్రం ఎదురొచ్చిన మనిషినీ కుక్కనూ వదలకుండా మొరిగేది. నేను దూరం నుంచే "ఏమీ చేయదప్పా, ఏమీ చేయదు" అని కేకవేసేవాణ్ణి (మర్యాద కదా). కింద ఇంట్లో ఉండే మా ఓనరమ్మ, నాకు ఎన్నోసార్లు పులుసు పంపిన పుణ్యాత్మురాలు, ఒకరోజు మెట్ల దగ్గర నిలబెట్టి, "చూడప్పా, ఈ నెలలోపల అది మొరిగేది నిలపకుంటే యాడ తెచ్చినావో ఆడే ఇడ్సేసి రా" అంది. ఆ పూట నాకు అన్నం సయించలేదు. నా వాటా కూడా ముద్దప్పే తినేసింది.

ఇలాంటి కుక్కల కోసం ఆదివారం పొద్దున గుంపు నడక ఉందని తెలిసి చేరాను. ఆరు కుక్కలు, ఆరుగురు యజమానులు, ముందర నడక నేర్పించే ఒక సారు. కుక్కకూ కుక్కకూ నడుమ పదిహేను అడుగులు, పలకరింపులు లేవు, తాడు వదులుగా ఉండాలి. ఆయనకు దూరంసారు అని పేరు పెట్టుకున్నాం. కుక్కలు రెండో వారానికే దారికొచ్చాయి. తిన్నారా అని అడగకుండా ఒకరినొకరు దాటలేక అవస్థపడింది మనుషులే. ముద్దప్ప ఒక్కటే ఇంకా మొరుగుతోంది. సారు నా పక్కన కాసేపు నడిచి, "మనిషిని చూస్తానే నువ్వు ఏమీ చేయదని అరుస్తావు, తాడు బిగిస్తావు. ఆ మాట వింటే ఏదో ముంచుకొస్తా ఉండాదని దానికి అర్థం. భయం నీది, మొరిగేది నేర్పించినోడివి నువ్వేనప్పా. నోరు మూసుకోని చెయ్యి వదులు చెయ్" అన్నాడు. ఆ తర్వాత శిక్షణ నాకు, బిస్కెట్టు దానికి.

నెలాఖరున మా వీధిలోనే ఓనరమ్మ పూలసంచితో ఎదురొచ్చింది. కేక గొంతుదాకా వచ్చింది. మింగేశాను. పెదవులు బిగించి, చెయ్యి వదులు చేసి, నేరుగా చూస్తూ నడిచాను. ముద్దప్ప ఆమెను చూసింది, నన్ను చూసింది, తన దారిన తాను వచ్చేసింది. నాకు ఏడుపొచ్చినంత సంతోషం. సాయంత్రం ఆమె మెట్లెక్కి వచ్చింది. ఆమె ముఖం చూసి ఇక మా పని అయిపోయిందనుకున్నాను.

"కుక్క మర్యాదగానే పోయిందప్పా. అది ఉండనీ. నువ్వే, ఎదురుగా వస్తా ఉంటే ఒక్క మాట మాట్లాడించకుండా పోయినావే. నేనేం చేసినానని?" అంది, కళ్ళు తుడుచుకుంటూ. ఆమెకు సంగతంతా చెప్పి, కాఫీ ఇచ్చి పంపేసరికి చీకటి పడింది.

ముద్దప్ప ఇప్పుడు ముసలిదై నా కాళ్ళ దగ్గర గురకపెడుతుంది. మొన్న మా పాప సైకిలు నేర్చుకుంటుంటే, వెనక సీటు గట్టిగా పట్టుకుని "ఏమీ కాదు, ఏమీ కాదు" అని అరుస్తున్నాను. పిల్ల తూలుతోంది. సారు మాట గుర్తొచ్చి నోరు మూసుకుని చెయ్యి వదిలాను. వీధి చివరిదాకా ఒక్కతే వెళ్ళింది. ఆనాటి పిరికి కుర్రాడు ఇంకా నాలోనే ఉన్నాడు పాపం. వాడి తాడు కాస్త వదులయింది, అంతే.