యారాలితో వియత్నాం

మా యారాలు లక్ష్మీనర్సమ్మ ఆఖరిసారి చేసిన మామూలు పని మక్క కంకి మీద తగాదా పెట్టుకోవడం. భద్రకాళి చెరువు బండ్ గేటు ముందర సమ్మమ్మ బొగ్గుల మీద కంకులు కాల్చి అమ్ముతుంది. ఆ సాయంత్రం మా యారాలు ఒక కంకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ సమ్మమ్మ ముఖం ముందరే పట్టింది.

"ఒక దిక్కు మాడ్చినవ్, ఒక దిక్కు పచ్చిగ ఉంచినవ్. కంకి కాలుస్తానవా, ఎవరి మీదనన్న కోపం తీర్సుకుంటానవా?"

"నీ నోటికంటే నా బొగ్గులే సల్లగున్నయ్ గదనే అవ్వా," అంది సమ్మమ్మ.

లక్ష్మీనర్సమ్మ ఇంకో కంకి ఏరుకుంది. నిమ్మకాయ ఉప్పు తానే రాసుకుంది. పోతూ పోతూ, రెండడుగుల దూరంలో ఉన్న నా వైపు చూడకుండా, సమ్మమ్మతోనే అంది: "మొగులు పట్టింది. గొడుగు లేకుంట తిరిగేటోళ్లను ఆటో ఎక్కి పొమ్మను."

గొడుగు లేనిది నేను. "నేనేం బెల్లం గడ్డను కానని చెప్పు సమ్మమ్మా," అన్నాను. ఆమె గొడుగు తెరుచుకుని వెళ్లిపోయింది. నేను తడిసి ఇల్లు చేరాను. తెల్లారి ఆమె లేవలేదు.

తోడికోడలిని మా వరంగల్ వైపు యారాలు అంటారు. ఆమె భర్త ఓంప్రకాశ్, మా ఆయన రాజమౌళి అన్నదమ్ములు. బీట్ బజార్‌లో ఇద్దరికీ కలిపి ఒకటే మిర్చి దుకాణం ఉండేది. ఇప్పుడు ఇద్దరూ లేరు, దుకాణమూ లేదు. పిన్నవారి వీధిలో ఇల్లు మాత్రం మిగిలింది. ముందు భాగంలో ఆమె, కొడుకు, కోడలు హారిక. వెనుక భాగంలో నేను ఒక్కదాన్నే. వాకిలి ఒకటే కాబట్టి పొద్దున లేస్తే ముందు కనిపించేది ఆమె ముఖమే.

శవం దగ్గర కూర్చున్న ఆడవాళ్లు "పాపం, మంచి మనిషి" అన్నారు. ఒకామె "అమాయకురాలు" అని కూడా అంది. నేను లేచి బయటికి వచ్చేశాను. లక్ష్మీనర్సమ్మను అమాయకురాలు అనడమంటే ఆమె ఎవరో తెలియదని ఒప్పుకోవడమే. ఆమె బతికి ఉంటే ఆ మాట అన్నదాన్ని గుమ్మం దాటనిచ్చేది కాదు.

తొర్రూరులో పత్తి వ్యాపారి ఇంట్లో పుట్టింది. అక్కడి నుంచి మా అత్తగారింటికి పెద్ద కోడలిగా వచ్చి, అత్తగారు ఉండగానే వంటిల్లు తన చేతిలోకి తీసుకుంది. ఎవరు వండిన కూరయినా మూత తీసి, చూసి, అడగకుండా ఉప్పు వేసేది. చుట్టాలింటికి పోతే అక్కడా వేసేది. భద్రకాళి గుడికి వెళ్లి అమ్మవారికి దండం పెట్టేటప్పుడు కూడా అడిగినట్టు ఉండేది కాదు, మందలించినట్టు ఉండేది. "జర ఇటు సూడు తల్లీ, ఎప్పుడు అటే సూస్తవ్" అనడం నేను చెవులారా విన్నాను.

నేను బళ్లో తెలుగు చెప్పేదాన్ని. పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేదాన్ని. మధ్యాహ్నం మా ఆయన దుకాణం నుంచి వస్తే ఆమే వడ్డించేది. ఆ సంగతి నేను దాచను. ఆమె కూడా దాచలేదు, వీధి వీధంతా చెప్పింది.

మా ఆయన పెద్దకర్మ నాడు, చుట్టాలందరూ భోజనాలకు కూర్చున్న పంక్తిలో, గరిటె పట్టుకుని నిలబడి అంది: "మా మరిది ఆకలి ఎట్లుంటదో నాకు తెల్సు. బడికి పొయ్యెటోళ్లకు ఏం తెల్సు?"

నేను అన్నాను: "ఇగ నాతోని మాట్లాడకు."

జన్మలో నా మాట ఒక్కటీ వినని మనిషి ఆ ఒక్కటి విన్నది. ఆ రోజు నుంచి నాతో సూటిగా ఒక్క మాట లేదు. నేనూ 'అక్కా' అని పిలవడం మానేశాను. చెప్పవలసింది ఉంటే మధ్యన మరొకరు ఉండాలి. హారికో, పాలవాడో, పూలమ్మో. ఎదురుగా నేను నిలబడి ఉండగానే "నల్లా నీళ్లు వచ్చినయని చెప్పు" అనేది. నేను "విన్నానని చెప్పు" అనేదాన్ని. ముందుగా ఎవరు సూటిగా నోరు తెరిస్తే వాళ్లు ఓడినట్టు. ఇది ఎవరూ పెట్టిన నియమం కాదు, కాని ఆ వాకిట్లో అందరికీ తెలుసు. ఏళ్లు గడిచాయి. నేను ఓడదలచుకోలేదు.

రిటైరయ్యాక వియత్నాం చూడాలనిపించింది. హనుమకొండలో ఒక టూర్ల ఆఫీసు వాళ్లు గుంపుగా తీసుకుపోతామంటే పేరు ఇచ్చాను. ఆమె లేని చోట కొన్నాళ్లు ఉండవచ్చునన్నది నా అసలు ఆశ. నాలుగు రోజులకే హారిక వచ్చి, నవ్వాపుకుంటూ చెప్పింది: "చిన్నత్తమ్మా, అత్తమ్మ గూడ పేరిచ్చింది."

"ఎందుకట?"

"వియత్నాం ఎవని అయ్య జాగీరు కాదట."

ఇంటిపేరు ఒకటే, అడ్రసు ఒకటే. టూరు వాళ్లు సంతోషంగా ఇద్దరినీ ఒకే గదిలో వేశారు. మార్చమని అడిగితే వేరే గది లేదన్నారు.

ఆ గదిలో మూడో మనిషి లేడు. అప్పటిదాకా మా ఇద్దరికీ ఆ ఇబ్బంది తెలియదు. మొదటి పొద్దున ఆమె నీళ్లు కాచే కెటిల్ ముందర నిలబడి, దాంతో అంది: "కాగినవా? తాగేటోళ్లు తాగుతరు, లేకపోతే లేదు. నీకెందుకు ఫికర్." నేను టీవీ వైపు తిరిగి, "నాకు అక్కర్లేదు" అన్నాను. అక్కడి నుంచి అదే పద్ధతి. చలి ఎక్కువైతే ఏసీని తిట్టేది: "ముసలోళ్లు సచ్చేదాక ఊదుతవా?" స్నానానికి ఆలస్యమైతే నేను తలుపుతో అనేదాన్ని: "లోపలున్నోళ్లు ఈ యేడే వస్తరా?" మనుషులతో కంటే వస్తువులతో ఎక్కువ తిట్టుకోవచ్చునని అక్కడ తెలిసింది. అవి నవ్వవు, మధ్యలో పడి సర్దిచెప్పవు.

బస్సులో మా టూర్ మేనేజరు వినయ్ దొరికాడు. హైదరాబాద్ పిల్లవాడు.

"వినయ్ బిడ్డా, ఎండ కొడ్తాంది, కిటికీ తెర ఎయ్యుమని ఆమెకు చెప్పు," అంది మా యారాలు.

"అమ్మా, ఆమె మీ పక్క సీట్లనే ఉన్నరు గద."

"ఉన్నది. అందుకే నీకు చెప్తాన."

వినయ్ నా వైపు చూశాడు. "బయటిది చూడడానికే వచ్చాను, వేయనని చెప్పు," అన్నాను. పాపం ఆ పిల్లవాడు మైకు పట్టుకుని హనోయి చరిత్ర చెబుతూనే మధ్యలో ఇది కూడా చెప్పాడు. బస్సంతా నవ్వింది. మేమిద్దరం నవ్వలేదు.

ఏది చూపించినా ఆమెకు వరంగల్ కంటే తక్కువే. హనోయి నడిమధ్యన చెరువు చూపిస్తే, "మన బండ్ మీద కూసుంటే గాలి మొకానికి కొడ్తది. గీడ ఏది?" అంది. నీళ్లలో కొయ్యబొమ్మల ఆటకు తీసుకుపోతే, "ఆడిచ్చెటోళ్లు తెర ఎనుక నడుముల్లోతు నీళ్లల్ల ఉంటరట. పడిశం పట్టదా?" అంది. గుట్ట మీద రెండు పెద్ద రాతిరంగు చేతులు వంతెనను పట్టుకున్నట్టు కట్టారు. లోకమంతా అక్కడికొచ్చి ఫొటోలు దిగుతుంది. ఆమె కింది నుంచి పైదాకా చూసి, "చేతులున్నయ్. మరి మొకమేది?" అని అడిగింది. పక్కనున్న కరీంనగర్ దంపతులు పడి పడి నవ్వారు. నాకు మాత్రం ఆ వంతెన పాడైపోయింది. ఇప్పటికీ ఫొటో చూస్తే లేని ముఖమే కనిపిస్తుంది. నేను డబ్బిచ్చి చూడబోయిన ప్రతి దాని ముందరా ఆమె నిలబడి, ఉప్పు వేసినట్టు తన మాట ఒకటి వేసింది.

పైగా ఫోను. హారిక నేర్పిందట. కనబడిన ప్రతి దానికీ ఫోను ఎత్తి పట్టుకుని, తానే వ్యాఖ్యానం చెబుతూ తీసేది.

హాలాంగ్ దగ్గర సముద్రంలో వందల కొద్దీ గుట్టలు. అక్కడ పడవలోనే నిద్ర. "నీళ్లల్ల గుట్టలు. మన లక్నవరం చెరువుల లేవా?" అని ఎక్కేటప్పుడే తేల్చేసింది. ఆమె గురకకు తాళలేక నేను తెల్లవారకముందే పైకి వెళ్లి, డెక్ మీద వాలుకుర్చీలో దుప్పటి కప్పుకుని పడుకున్నాను. మళ్లీ ఎప్పుడు కన్ను మూతపడిందో తెలియదు.

"లే సుకన్యా. సూడు. మల్ల కనవడదు."

కళ్లు తెరిచాను. రెండు నల్లటి గుట్టల నడుమ సూర్యుడు వస్తున్నాడు. ఆమె రెయిలింగు పక్కన, ఫోను ఎత్తి పట్టుకుని, తల మాత్రం నా వైపు తిప్పి నిలబడి ఉంది. చుట్టూ ఎవరూ లేరు. కెటిలు లేదు, ఏసీ లేదు, వినయ్ లేడు. నా పేరు పెట్టి పిలిచింది.

నేను సూర్యుణ్ణి చూడలేదు. ఆమె ముఖం చూశాను, ఓడిన ముఖం ఎలా ఉంటుందో చూద్దామని. ఆమె మళ్లీ అటు తిరిగిపోయింది. నేను జవాబివ్వలేదు. జవాబిస్తే లెక్క సమమవుతుంది.

ఫలహారాల దగ్గర గట్టిగానే చెప్పాను: "వినయ్, ఇంక నీకు పని తప్పింది. మా యారాలు నాతో మాట్లాడింది. ఆమే ముందు మాట్లాడింది."

కరీంనగర్ ఆమె చప్పట్లు కొట్టింది. లక్ష్మీనర్సమ్మ రొట్టె ముక్కకు తాను తెచ్చుకున్న కారప్పొడి అద్దుకుంటోంది. తల ఎత్తకుండా అంది: "గట్లనే అనుకోమను, బిడ్డా."

అంతే. మళ్లీ వినయ్ ద్వారానే. తిరిగి వచ్చేదాకా కెటిల్ ద్వారానే.

వచ్చాక నేను ఊరుకోలేదు. ఎందుకు ఊరుకోవాలి? పంక్తిలో అంతమంది ముందర నన్ను అన్న మాట ఎవరూ మరిచిపోలేదు. ఇది కూడా అందరికీ తెలియాలి. వీధిలో చెప్పాను, బండ్ మీద నడిచే ఆడవాళ్లకు చెప్పాను, చుట్టాలకు ఫోను చేసి చెప్పాను. అడిగినవాళ్లందరికీ ఆమె దగ్గర ఒకటే జవాబు: "గట్లనే అనుకోమను." ఓడినవాళ్లు ఇంకేమనగలరు అనుకున్నాను.

ఆమె మాత్రం వరంగల్‌లో అడుగు పెట్టగానే మాట మార్చేసింది. అక్కడ మన ఊరు గొప్పదన్న మనిషికి ఇక్కడ వియత్నాం గొప్పదైపోయింది. బండ్ మీద తనకు ఇష్టమైన బెంచీ ఒకటుంది, నీళ్లకు ఎదురుగా. దాని మీద ఎవరు కూర్చుని ఉన్నా లేచేదాకా పక్కన నిలబడేది. ఆ బెంచీ మీదే కూర్చుని, "ఇదేం గాలి? హనోయిల సూడాలె గాలంటే" అనేది. పద్మాక్షి గుట్ట గుడి మెట్ల మీద కూర్చున్నా అంతే.

ఒక ఆదివారం ఇంటి వాళ్లం, పక్కింటి సరస్వతి కలిసి పాలంపేట వెళ్లాం. అక్కడి రామప్ప గుడి అంటే మా యారాలికి ప్రాణం. నెలకోసారి పోకపోతే కాలు నిలిచేది కాదు. గుడి పక్క గడ్డి మీద కొత్తవాడలో నేసిన షత్రంజి తివాచీ పరిచి, పులిహోర డబ్బా తెరిచి, మొదలుపెట్టింది.

"సముద్రం నడిమిట్ల ఎన్ని గుట్టలుంటయనుకున్నవ్ సరస్వతీ! గీ రామప్ప చెరువు దాని ముంగట ఒక గిన్నె."

"అక్కడున్నన్ని రోజులూ ఈ గిన్నె కోసమే ఏడ్చిందని చెప్పు," అన్నాను నేను.

"ఏడ్చుడు నాకు రాదని చెప్పు. వచ్చినోళ్లు ఏడ్వచ్చు."

సరస్వతికి ఇలాంటివి ఇష్టం. మోకాలు దగ్గరికి జరుపుకుని అడిగింది: "ఇగ నిజం చెప్పక్కా. పడవ మీద నువ్వే ముందు మాట్లాడినవట గద?"

హారిక కూడా తినడం ఆపి చూసింది. లక్ష్మీనర్సమ్మ గరిటెతో పులిహోర తీసి అందరి పళ్లేలలో పెట్టింది. నా వంతు సరస్వతి చేతికి ఇచ్చి నా వైపు తల ఊపింది.

"గట్లనే అనుకోమను. మంచిగ నిద్ర పడ్తదేమో."

ఆ మాటకు అందరూ నవ్వారు. నేను పళ్లెం పక్కన పెట్టేశాను. గెలిచింది నేనయితే నవ్వు ఆమె పక్షాన ఎందుకుందో అర్థం కాలేదు. ఆ తర్వాత ఆమె ఉన్నంత కాలం మా మధ్య కోపం తగ్గలేదు, ఇంకా పెరిగింది. వాకిట్లో ముగ్గు ఎక్కడిదాకా వేయాలన్న దగ్గర కూడా హారిక రాయబారం నడపవలసి వచ్చింది. సమ్మమ్మ దగ్గరి గొడుగు మాట వరకు అదే వరస.

ఆమె పోయిన నాలుగో రోజు, గోడకు పెట్టే ఫ్రేముకు మంచి ఫొటో కావాలని హారిక ఆమె ఫోను పట్టుకుని నా వైపు భాగంలోకి వచ్చింది. ఒక్క ఫొటోలోనూ ఆమె నవ్వలేదు. జరుపుతూ జరుపుతూ పడవ మీది వీడియో దగ్గర ఆగింది.

"గిది మీ గొంతేనా, చిన్నత్తమ్మా?"

ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాను. మొదట గాలి చప్పుడు, ఇంజను చప్పుడు. తెర మీద ఇంకా చీకటి గుట్టలే, సూర్యుడు రాలేదు. ఆమె నన్ను లేపడానికి ముందు, వెనుక నుంచి నిద్రమత్తులో ఒక గొంతు, "అక్కా, తెల్లారిందా?" అని అడిగింది. ఆ గొంతు నాదే.