మా బావ రాసిన కాగితం

పోయిన నెల తిరుపతిలో మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ కంప్యూటరులో నాకు కొన్ని ముఖాలు చూపించి, ఒక్కొక్కరు ఎలా ఉన్నారో చెప్పమంది. ముసలివాళ్లు, పడుచువాళ్లు, మీసాలవాళ్లు వరసగా వచ్చారు. నేను కోపం, కోపం, భయం, మళ్లీ కోపం అంటూ పోయాను. ఆమె నవ్వి, వాటిలో చాలా ముఖాల్లో ఏమీ లేదనీ, బస్సు కోసం నిలబడ్డవాళ్లలా ఊరికే ఉన్నవేననీ చెప్పింది. ఉన్నట్టుండి గుండెదడ పట్టుకుని, చచ్చిపోతున్నామనిపించే ఈ జబ్బులో కొందరికి ఎదుటి ముఖంలో కోపమో ముప్పో ముందు కనబడుతుందట. ఇది ఎన్నాళ్లుగా ఉందని అడిగింది. నాకు మా బావ గుర్తొచ్చాడు.

బావంటే మా ఇంటామెకు అన్న. పద్దెనిమిదేళ్ల కిందట నేను తిరుపతి నుంచి కొండకు బస్సు నడిపేవాణ్ణి, ఆయన అదే బస్సుకు కండక్టరు. మా ఇంటామె ఇద్దరికీ కలిపి ఒకే క్యారియరు కట్టేది. అందులో ఊరుబిండి పచ్చడి పెట్టిన రోజు నా వాటాకు గిన్నె అంచులే మిగిలేవి. ఒకరోజు పొద్దున కొండెక్కుతుంటే ఒక మలుపు దగ్గర నా గుండె పక్కటెముకల్ని తన్నడం మొదలుపెట్టింది. చేతులు తిమ్మిరెక్కాయి. చొక్కా తడిసిపోయింది. ఎలాగో బస్సును కొండవైపుకు తీసి ఆపాను. బావ నా ముఖం ఒక్కసారి చూసి, వెనక్కి తిరిగి, రేడియేటరు కాగిందని అందరికీ చెప్పాడు. జనం దిగి, గోవిందా అనుకుంటూ ఫోటోలు తీసుకున్నారు. ఒక అవ్వ అయితే, స్వామే ఇక్కడ గాలి పీల్చుకోమని బండి ఆపాడని సంతోషపడింది. పావుగంటకు నేను మామూలు మనిషినయ్యాను. ఆసుపత్రిలో పరీక్ష చేసి, గుండె ఎద్దు గుండెలా ఉందన్నారు.

అది అక్కడితో ఆగలేదు. ఆరు నెలల్లో బావ నోట మా బస్సు ఎన్నోసార్లు కాగింది కాబట్టి, పాపం డిపోలో మెకానిక్కులు ఏ తప్పూ ఎరగని రేడియేటరును రెండుసార్లు మార్చారు. ఈలోగా నాకు ముఖాలు మారిపోయాయి. అద్దంలో కనబడే ప్రయాణికులందరూ నన్నే గుర్రుగా చూస్తున్నట్టుండేది. డిపో మేనేజరు నుదురు ముడి చూడలేక షెడ్డు చుట్టూ తిరిగి పోయేవాణ్ణి. ఇంట్లో కాఫీ ఇచ్చే మా ఇంటామె ముఖంలోనూ విసుగే కనబడేది. నాకు భయం పుట్టించని ముఖం ఒక్క బావదే. "ఎవురికీ చెప్పన్లే అబ్బా, నేనుండా గదా," అనేవాడు. ఆ మాట పట్టుకునే మలుపులన్నీ ఎక్కాను.

ఒక మధ్యాహ్నం మేనేజరు పిలిపించాడు. కూర్చోబెట్టి, మంచినీళ్లు తెప్పించి, ఒక కాగితం నా ముందుకు జరిపాడు. డ్రైవరుకు మలుపుల్లో ఒళ్లు తెలియడం లేదు, బస్సు ఇవ్వవద్దు అని ఉంది. కింద సంతకం చూడకముందే చేతిరాత పోల్చుకున్నాను. తేదీ పది రోజుల నాటిది. ఆ పది రోజులూ బావ నా పక్కన కూర్చుని తిన్నాడు, నవ్వాడు, నేనుండా గదా అన్నాడు. అమాయకుల ముఖాల్లో కూడా కోపం చూసిన నాకు ఆ నవ్వులో మాత్రం ఏమీ కనబడలేదు. నేను భయపడ్డ మేనేజరేమో, ఉద్యోగానికి ఢోకా లేదనీ, కొన్నాళ్లు గ్యారేజీలో పని చేస్తూ మంచి డాక్టరుకు చూపించుకోమనీ చెప్పి నా భుజం తట్టాడు. ఆ డాక్టరు దగ్గరికి పోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

ఇంటికి పోయి మా ఇంటామెకు చెప్పాను. ఆమె చేట్లో బియ్యం మీంచి తల ఎత్తలేదు.

"నేనే రాయమన్న్యా. నువ్వొక్కడివే పొయ్యేది కాదు గదా, ఆ బస్సులో యాభైమంది ఉండారు," అంది.

"నాతో ఒక్క మాట చెప్పుండొచ్చు గదా."

"యాడ చెప్పేది? ఆర్నెల్లుగా నేను నోరు తెరిస్తే చాలు, కోపం చేస్తా ఉండానంటావు. భయపడతా ఉన్న్యానని నీకు ఒక్కనాడన్నా తెలిసిందా?"

సాయంత్రం బావ వచ్చి వాకిట్లో కూర్చున్నాడు. నేను లోపలే ఉండిపోయాను. రెండేళ్లు ఆయనతో మాట్లాడలేదు. తర్వాత కాణిపాకంలో ఒక పెళ్లి పంక్తిలో పక్కపక్కన పడి, వానల గురించి మాట్లాడుకున్నాం. ఇప్పటికీ వానల గురించే మాట్లాడుకుంటాం.

వాళ్లు చేసింది సరైన పనే. ఆ మలుపులో లోయ ఎంత లోతో వాళ్లకంటే నాకే బాగా తెలుసు. అయినా ఆ పది రోజుల అన్నాన్ని ఈనాటికీ క్షమించలేదు. ఇప్పుడు మా ఇంటామె ముఖం అర్థం కాకపోతే, కోపమా అని అడిగి తెలుసుకుంటాను. ఆ ఆరు నెలలూ ఆ ముఖంలో ఏమేం వచ్చి పోయాయో మాత్రం, ఆమె కూడా మరచిపోయేంత కాలమైపోయింది.