అక్క దిక్కే పోయిన చుక్కలు

మీరు నవ్వుతరని నాకు ఎరుకే. నవ్వుర్రి. గని నా కండ్లతోని చూసిన, నా చెవులతోని విన్న. ఒక్క ముక్క అబద్ధమున్నా నా నోట్ల మన్నువడ. మా అక్క పానం మీదికొచ్చిన ముచ్చట గిది... జర మధ్యల మాట్లాడకుర్రి.

ఎనభైల ఆఖరు. నేను హైదరాబాదుల రీసెర్చి చేస్తున్న. పిచ్చికుక్క కరిస్తే వచ్చే రోగం ఉంటది గద, దాని వైరసు మీద. అది ఊకెనే నరంలకు సొరదు. కండ, నరం కలిసే కాడ రిసెప్టర్లని ఉంటయి... తలుపుకు తాళం లెక్క. వైరసు మీది ముల్లు తాళంచెవి. రెండు కుదిరితేనే లోపలికి. ఎట్ల కుదురుతయో కంప్యూటర్ల బొమ్మగట్టి చూసుడే నా పని. మా ఊరు జనగామల ఎవ్వలకన్న చెప్తే, "గిదేం చదువు రా" అనేటోళ్లు. నాకు మాత్రం అన్నం యాదికి రాకపోయేది, అంత పిచ్చి.

సెలవులకు మా సారును బతిమిలాడి చిన్న కంప్యూటరు ఇంటికి తెచ్చిన. టీవీకి తగిలించేటిది. ప్రోగ్రాం క్యాసెట్ల ఉంటది. టేప్ రికార్డర్ల పెడితే కీ...ర్ర్‌ర్... అని ఒర్రుతది. అమ్మ చెవులు మూసుకొని అవుతలికి పోయేది.

గప్పుడే అక్క మానుకోట నుంచి వచ్చింది. ఆమె అత్తగారిది మిర్చి దుకాణం. ఎప్పుడొచ్చినా ఇల్లు లేపే మనిషి... గాసారి నోట్లకెళ్లి మాట లేదు. అడిగితే "ఏం లేదురా, తలనొస్తుంది" అన్నది.

ఒకనాడు అమ్మ, నాయిన చుట్టాల పెండ్లికి పోయిండ్రు. పొద్దుగూకింది. ఇంట్ల నేను, అక్క, అంతే. ప్రోగ్రాం నడిపిన. టీవీల కింద గోడ లెక్క కణం. గోడ పొడుగూత రిసెప్టర్లు. పైనుంచి వైరసు చుక్కలు దిగుతయి. ఎటు పోవాలె అన్నది నేను చెప్పలే... తాగినోని నడక తీరు ఎటువడితే అటు. కుదిరిన కాడ అంటుకుంటది. అంటుకుంటే... టిక్.

అక్క టీవీకి ఎడమ దిక్కు, గోడకానుకొని కూసున్నది.

టిక్... టిక్... టిక్.

అన్నీ ఎడమ దిక్కే.

తప్పు రాసిన్నేమో అని మళ్ల నడిపిన. మళ్ల ఎడమకే. అక్క లేచి మంచినీళ్లు తాగొచ్చి కుడి దిక్కు కూసున్నది. ఒక చుక్క ఊగింది... ఊగింది... కుడికి మళ్లింది. టిక్. దాని ఎనుక ఇంకోటి. టిక్.

అరే, నాకు ఖుషీ ఆగుతలేదు. ఏదో కొత్తది దొరికింది అనుకున్న. ఒళ్లంత జుమ్మంటున్నది. "అక్కా, జర వాకిట్లకు పో" అన్న. "నీకు మతి పోయిందారా" అనుకుంటనే పోయింది. చుక్కలు చెల్లాచెదురైనయి. ఎట్ల పడాల్నో అట్లనే పడ్డయి. "ఇగ రా అక్కా" అని కేకేసిన.

అక్క గడప మీద కాలు పెట్టింది.

ఫ్యాను కిర్రు... కిర్రు... అంటున్నది. ఇంకేం సప్పుడు లేదు. సగం దూరం దిగిన చుక్కలు... అన్నీ ఒక్కపారే... ఆగినయి. ఆగుమని నేను రాయలే. ప్రోగ్రాంల ఆగుడన్నదే లేదు. జరసేపు గట్లనే నిలవడ్డయి. అటెనుక చిన్నగ... చిన్నగ... గడప దిక్కు మళ్లినయి.

టిక్.

అక్కను చూసిన. ఆమె టీవీ దిక్కు చూస్తలేదు. చీర కుచ్చిళ్లు కిందికి గుంజుకుంటున్నది.

"కాలు చూపియ్యి అక్కా."

"ఏం లేదురా."

"చూపియ్యి."

పిక్క మీద పండ్ల గాట్లు. సుట్టూ ఎర్రగ కమిలి ఉన్నది. "కుక్కపిల్ల... పాలు పోస్తుంటె కరిచింది. తెల్లారి సచ్చిపోయింది. అత్తమ్మ కారం రుద్దింది. నెల్లికుదురు ఊరికి తోలుకపోయి నాటుమందు పసరు పోపిచ్చిండ్రు. పసరు పోసినంక దవాఖాన గడప తొక్కితే మందు విరుగుతదట. పుట్టింట్ల చెప్పినా విరుగుతదట" అని ఏడిసింది.

నాకు కోపం, భయం రెండూ ఒక్కపారే వచ్చినయి. "విరిగితే విరగనీ అక్కా. గీ వైరసు నరాలు పట్టుకొని తలకెక్కినంక బతికినోళ్లను నేను పుస్తకాలల్ల గూడ చూడలే" అన్న. ఆమె బొడ్డు మీద చెయ్యి పెట్టుకొని, "సూదులంటే భయం రా" అన్నది. గా మాటకు నాకు గూడ ఏడుపొచ్చింది.

రాత్రికి రాత్రే దవాఖానకు తోలుకపోయిన. బొడ్డు సుట్టు సూదులు. అన్నీ ఏపిచ్చిన. అత్తగారు తిట్టిండ్రు, తిట్టనీ.

అక్క బతికింది. గని వినుర్రి... కుక్కపిల్లకు పిచ్చి ఉండెనో లేదో ఎవ్వలకెరుక? దాన్ని పరీక్షకు పంపకుంటనే బొందల పూడ్చిండ్రు. ఉత్తగనే సచ్చిందేమో. మా సారుకు చెప్తే, "చుక్కలు ఏదో ఒక దిక్కు పడుతయి గదయ్యా, నీకు పడ్డయే యాదికుంటయి" అన్నడు. నిజమే కావచ్చు. మరి ఆగినయి గద... ఎందుకు ఆగినయి?

ఆఖరు సూది అయిన రోజు అక్క నవ్వుకుంట వచ్చి టీవీ పక్కకు కూసున్నది. "ఏదిరా, నీ పురుగుల ఆట పెట్టు, చూస్త" అన్నది. నాకు ఇష్టం లేదు. ఆమె ఇడువలే. పెట్టిన. చుక్కలు దిగుతున్నయి... ఊగుతున్నయి... అక్క రెప్ప వాల్చకుంట చూస్తున్నది.

మొదటి చుక్క ఏ దిక్కు మళ్లుతదో చూడకముందే స్విచ్చి ఆపేసిన.

"అరే, ఎందుకాపినవ్ రా?" అన్నది అక్క.

ఏం చెప్పాలె? కరెంటు పోయింది అన్న. నెత్తి మీద ఫ్యాను తిరుగుతనే ఉన్నది. అక్క ఫ్యాను దిక్కు చూసింది, నా దిక్కు చూసింది. మళ్ల పెట్టమని మాత్రం అనలే.