హైమ నోట ‘నేను’

కరోనా గొడవ సద్దుమణిగిన మరుసటి ఏడాది. విజయనగరంలో మందుల షాపు మేడమీద మా ఆఫీసు. విదేశీ చదువులకు దరఖాస్తులు పెట్టించడం నా వృత్తి. ఒక వానాకాలం మధ్యాహ్నం గరివిడి నుంచి హైమ, వాళ్లమ్మ నారాయణమ్మ తడిసి ముద్దయి వచ్చారు. అమ్మాయి ఇంజినీరింగ్ పూర్తిచేసింది. తల్లి బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది.

“మా గుంటకి ఆస్ట్రేలియా సదువు కావాలంతండి. అక్కడ ఉత్తినే సెప్తారేటి?” అంది నారాయణమ్మ.

“ఉత్తినే ఎవరు చెప్తారమ్మా? గెలుచుకోవాలి,” అన్నాను. మెరిట్ స్కాలర్‌షిప్ అంటే అదే. దేశదేశాల పిల్లలతో పోటీపడి నెగ్గితే ఫీజంతా మాఫీ. అది రాకపోతే హైమ ప్రయాణం లేనట్టే. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

పిల్ల దగ్గర సరుకుంది. ఫ్యాక్టరీలో లోహం తీశాక మిగిలే చిట్టెం, అదే స్లాగ్, కలిపి ఇంటి పెరట్లో ఇటుకలు చేసింది. మార్కులూ బాగున్నాయి. కానీ ఉత్త కలల మనిషి! మేం ఎంచుకున్న ఆస్ట్రేలియా యూనివర్సిటీ ఫొటోలో దారి పొడవునా ఊదారంగు పూలు రాలి ఉండేవి. మాట మధ్యలో వాటిని చూస్తూ ఎటో వెళ్లిపోయేది. “ఆ పూల మీద నడిస్తే సప్పుడవతాదేటి మేడమ్?” అని అడిగేది. కసురుదామని నోరు తెరిచి, నేనూ ఆ దారినే చూస్తూ కూర్చునేదాన్ని. బయట వాన పడుతూనే ఉండేది.

చిక్కల్లా ఎస్ఓపీతో వచ్చింది. అంటే తన గురించి, తన చదువు గురించి తానే చెప్పుకునే వ్యాసం. అందులో ఎక్కడ చూసినా ‘మేం’. మేం ఇటుకలు చేశాం, మేం పరీక్షించాం.

“మేం ఎవరే తల్లీ? స్కాలర్‌షిప్ ఊరందరికీ పంచిపెట్టరు. నేను అని రాయి!”

“నానంటే అబద్ధమాడినట్టుంతాది మేడమ్. ఇటుక గట్టిపడేదాకా రోజూ నీళ్లు కొట్టింది మాయమ్మ కదా?”

“మీ అమ్మేమీ పోటీకి రావట్లేదు కదా!” అన్నాను. తల వంచుకుని మార్చింది. చదివితే ఎవరో పరాయి పిల్ల రాసినట్టుంది. అయినా పంపించాం.

చలికాలంలో ఇంటర్వ్యూ పిలుపొచ్చింది. పొద్దున్నే మా ఆఫీసులోనే, వీడియోలో. కిటికీ అవతల మంచుకి వీధి కనపడటం లేదు. కెమెరాకి అందకుండా నేనూ నారాయణమ్మా ఓ మూల కూర్చున్నాం. హైమ గడగడా చెప్పుకుపోతూ మధ్యలో “అవర్ మదర్” అనేసింది. మనం ‘మా అమ్మ’ అంటాం చూడండి, దాన్నే ఇంగ్లీషులో పెట్టేసింది. అటువైపు ప్రొఫెసరమ్మ ఆగింది. “అయితే మీ అక్కచెల్లెళ్లంతా కలిసి చేశారా?” అని అడిగింది.

అయిపోయింది అనుకున్నాను.

హైమ మాత్రం నవ్వింది. “లేదండీ, నేనొక్కదాన్నే కూతుర్ని. మా భాషలో ఒక్కరున్నా ‘మా’ అమ్మే,” అంది. “రోజూ నీళ్లు కొట్టింది అమ్మ. కాలేజీ ల్యాబ్‌లో గట్టిదనం చూడ్డానికి ఇటుకని మెషీన్‌లో పెట్టి పగలగొట్టింది అటెండర్ గారు. చిట్టెం పాళ్లు మాత్రం నేను లెక్కకట్టాను. విరిగిన ప్రతిదీ ఎందుకు విరిగిందో నేను చూశాను.” ఎవరి వాటా వాళ్లకిచ్చేశాక, ఆ ‘నేను’ ఆమె నోట ఎక్కడా తడబడలేదు. ఇప్పుడు ఏ పిల్లైనా ‘మేం’ అని రాసుకొస్తే కొట్టెయ్యను. అందులో ఎవరెవరున్నారో ముందు చెప్పించుకుంటాను.

కొన్ని వారాలకి తల్లీకూతుళ్లు పరుగున మెట్లెక్కి వచ్చారు. “మాకొచ్చినాది మేడమ్! ఫీజంతా మాఫీ!” అంటూ హైమ నన్ను చుట్టేసింది. నారాయణమ్మ పకపకా నవ్వింది. అంతలోనే నవ్వు ఆపి, కూతురి గడ్డం పట్టుకుంది.

“మాకు కాదే, నీకు. ఇకనుంచీ నాను అనడం నేర్సుకో. అక్కడ నీ పక్కన నానుండను కదేటి.”

హైమ బావురుమంది. నేనూ ఏడ్చాను, దాపరికం దేనికి?