ఉప్పు లేని సర్వపిండి

ఇరవై ఏళ్ల వయసులో నాకు దయ్యాలంటే నమ్మకం లేదు, భయం మాత్రం బోలెడు. ఆ రోజుల్లో ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇముడుతాయని ఎవరూ అడగలేదు కాబట్టి, మల్లాపూర్‌లో నేను పనిచేసిన చిన్న వర్క్‌షాపులో టీ తాగేటప్పుడు, మొదటి సంగతి ఒక్కటే గట్టిగా చెప్పుకునేవాణ్ని. తెనాలి నుంచి వచ్చిన డిప్లొమా కుర్రాణ్ని కదా (డిప్లొమాలో రెండు సబ్జెక్టులు ఇంకా మిగిలి ఉన్నాయన్నది వేరే విషయం). ఆ గొప్పలు నమ్మినవాడు లేత్ మామ ఒక్కడే. లేత్ మెషిన్ మీద పనిచేసేవాడు కాబట్టి ఆయన అందరికీ లేత్ మామ. నాచారంలో ఆయన ఇంటి మీది గదిలోనే నేను అద్దెకుండేవాణ్ని. ఆయన భార్యను అత్తా అని పిలిచేవాణ్ని. బడికెళ్లే వాళ్ల కూతురు మాత్రం వరస చూడకుండా నన్ను అన్నా అనేది.

ఆ అత్త నాలుగు రోజుల జ్వరంతో పోయింది. మూడో రోజు పిట్టకు పెట్టారు. ఆమెకు ఇష్టమైనవన్నీ విస్తరిలో వడ్డించి మేడ మీద ఉంచి, కాకి వచ్చి ముట్టేదాకా ఎదురుచూడాలి. మధ్యాహ్నం దాటినా ముట్టలేదు. ఫ్యాక్టరీల పొగకు మా వైపు కాకులే తక్కువ. కానీ చుట్టాలు ఊరుకుంటారా, "ఏందో కోరిక మిగిలింది ఆమెకు" అన్నారు. ఆ కోరికేమిటో మామకు తెలుసు. ఆదిలాబాద్ అడవుల్లో ఉన్న పుట్టింటి ఊరికి ఒక్కసారి తీసుకుపొమ్మని ఆరేళ్లుగా అడుగుతూనే ఉంది. ఆ ఆరేళ్లూ ఈయనకు ఓవర్‌టైమే.

కోరిక తీరకుండా పోయినవాళ్లు తమ ఊరి దగ్గర పాడుబడ్డ బంగళాలోనూ, గోండు రాజుల నాటి కోటలోనూ తిరుగుతారని అత్తే ఒకప్పుడు చెప్పిందట. "గాడికే పోయి పెడ్త అల్లుడా. నువ్వు తోడు రా. నీకు దయ్యాలంటే నమ్మకం లేదంటివి గద, ఇంక భయమేంది!" అన్నాడు మామ. ఏమనగలను?

అత్తకు సర్వపిండి అంటే ప్రాణం. బియ్యప్పిండిలో పల్లీలు, ఉల్లిగడ్డలు కలిపి గిన్నెకు అద్ది కాల్చే రొట్టె అది. జన్మలో మొదటిసారి పొయ్యి ముందు నిలబడి మామే చేశాడు. బస్సు నిర్మల్ దాటాక ఒక్కసారిగా తల పట్టుకున్నాడు. "ఉప్పేసుడు మర్సిన అల్లుడా!"

బంగళాలో ఒక రొట్టె పెట్టి గంట కూర్చున్నాం. గబ్బిలాలు తప్ప ఎవరూ రాలేదు. మామ ముఖం చూడలేకపోయాను. కోటకు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఆటోవాడు దూరంగానే ఆపేసి, "మీరు మల్లొస్తే తీస్కపోత" అన్నాడు (రాకపోతే సంగతి అడిగే ధైర్యం నాకు లేకపోయింది). కూలిన గోడ పక్కన మామ ఆకు పరిచి, మిగిలిన రొట్టె పెట్టాడు. "మనం సూస్తుంటే రాదు. నేను దర్వాజ కాడ కూసుంట. నువ్వు గీ గోడ ఇవతల ఉండి కుక్కలు రాకుంట సూడు" అని వెళ్లిపోయాడు.

ఆయన ఉపవాసమని మర్యాదకు నేనూ ముందురోజు రాత్రి నుంచి ఏమీ తినలేదు. జాలితో తిన్నానని రాసుకుంటే బాగుండేది, కానీ ఆకలికే తిన్నాను. ముందు ఒక అంచు విరిచాను. ఎవరైనా ఏమైనా అంటారేమోనని చుట్టూ చూశాను. ఎవరూ ఏమీ అనలేదు. చప్పగా ఉంది, అడుగు మాడింది, అయినా మొత్తం అయిపోయింది.

మామ వచ్చి ఖాళీ ఆకు చూశాడు. దాన్ని రెండు చేతులతో ఎత్తి కళ్లకద్దుకున్నాడు. "వచ్చింది అల్లుడా! తిన్నది! కూరల ఉప్పు తక్కువైందని దినాం దాంతోని లొల్లి వెట్టుకునేటోణ్ని. గిండ్ల ఉప్పే లేకపాయె. ఒక్క మాట అనకుంట తిని పోయింది సూడు!" అని వెక్కి వెక్కి ఏడ్చాడు. చెప్పేద్దామని నోరు తెరిచాను. మాటకు బదులు నాకూ ఏడుపే వచ్చింది. దయ్యానికి భయపడ్డాననుకుని, "భయపడకు, మీ అత్తే గద" అంటూ ఆయనే నా వీపు నిమిరాడు.

ఆ తర్వాత పదేళ్లు ఆయన ఈ కథ అందరికీ చెప్పాడు, సాక్షిగా నన్నే చూపిస్తూ.

ఉప్పల్‌లో మెట్రో స్తంభాలు లేస్తున్న ఏడాది మామ పోయాడు. అక్కడే ఆయన కూతురి ఇంటి మేడ మీద పిట్టకు పెట్టారు. ఆ యంత్రాల మోతకు ఒక్క కాకీ వాలలేదు. "నాయినకు ఏం కోరిక మిగిలిందే అన్నా?" అని ఆ పిల్ల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె ముఖంలో ఆనాటి మామే కనిపించాడు.

"మనం చూస్తుంటే రాదమ్మా. అందరూ కిందికి వెళ్లండి, కుక్కలు రాకుండా నేను చూస్తాను" అన్నాను. మూడంతస్తుల పైకి కుక్క ఎలా వస్తుందని ఎవరూ అడగలేదు. అందరూ దిగిపోయాక, పెరిగిన పొట్టతో ఆపసోపాలు పడుతూ విస్తరి ముందు కూర్చున్నాను. సర్వపిండి తుంచి నోట్లో పెట్టుకున్నాను. ఈసారి ఉప్పు సరిగ్గానే ఉంది. నాకే ఆకలి లేదు.